పున్నమినాటి గోష్ఠి: జెన్నీ యూగ్లో గ్రంథముపై విమర్శ

1781 జనవరి 3వ తేదీన జేమ్స్ వాట్ ఒక విందుపిలుపు వ్రాసెను. ఆవిరియంత్రమును సంస్కరించినవాడుగా మనమందరము పాఠశాలలో చదివికొన్న వాటే ఈతడు. పిలుపు అందుకొనిన పెద్దమనిషి లిచ్‌ఫీల్డు పట్టణమున వైద్యము చేయుచుండిన ఎరాస్మస్ డార్విన్. పరిణామవాదకర్త చార్లెస్ డార్విన్‌కు ఈయన తాత. రాబోవు సోమవారము మా యింట కొందరు విద్వాంసులు భోజనమునకు కూడుచున్నారు, వచ్చెదమని తాము మాట యిచ్చియున్నారు, మరువవలదు అని వాట్ గుర్తుచేసెను. అంతటితో ఆగక, ఆశపెట్టుటకై మూడు సంగతులు చేర్చెను. చీల్చి చెండాడుటకు ఒక క్రొత్త పుస్తకము వచ్చియున్నది. ఉష్ణమనునది ఫ్లోజిస్టనుతో, నేడు మనము ఆమ్లజని అనుచున్న వాయువు కలిసిన సంయోగమా, కాదా అన్నది తేల్చవలసియున్నది. నిప్పు సెగను అద్దము ప్రతిఫలింపజేయగలదా అన్నది మూడవది. ఈ కడపటి ప్రశ్నలో తాము ఏ పక్షము పట్టినను చిక్కుపడుట సంభవమని ఒక చమత్కారపు హెచ్చరిక కూడ చేసెను.

డార్విన్ పోలేకపోయెను. ఒక ప్రభువు ఇంట తొమ్మండుగురు పిల్లలకు తట్టు సోకినది. పిల్లలకు ఈ దగ్గు పెట్టినవాడు సైతానే అయియుండవలెనని పరిహాసముగా వ్రాయుచు, ఇటువంటి కీడువలన లోకమునకేమైన మేలు కలదేమో మీ విద్వత్సభను అడిగి చెప్పుడని తిరుగుటపాలో ఒక ప్రశ్న పంపెను. దానితోపాటు నీరు, గాలి వేనితో ఏర్పడినవను విషయమున తన ఊహలు కొన్ని జతచేసెను. రానివాడు సైతము గోష్ఠికి ఇంధనము పంపినాడన్నమాట.

ఈ ఉత్తరములు ఏ సమాజమును గూర్చినవో, ఆ సమాజమునకు లూనార్ సొసైటీ అని పేరు. మనము పున్నమి సమాజమనవచ్చును. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున, ఆ చుట్టుప్రక్కల పట్టణములలో నివసించుచుండిన కొందరు మిత్రులు నెలకొకమారు పున్నమికి దగ్గరి దినమున ఒకరి యింట కూడుచుండిరి. వీధిదీపములు లేని త్రోవలలో గుఱ్ఱములపై, బండ్లలో ఇండ్లకు మరలుటకు వెన్నెల అక్కరకు వచ్చెడిది. మొదట ఆదివారములు కూడుచుండినవారు, జోసెఫ్ ప్రీస్ట్లీ 1780లో వచ్చి చేరిన పిమ్మట సోమవారములకు మారిరి. ఆయన మతబోధకుడు, ఆదివారము ఆయనకు పని దినము. ఇంతమాత్రపు సవరణ తప్ప ఆ సమాజమునకు నియమావళి యనదగినది లేదు. కార్యకలాపముల చిట్టా లేదు. పత్రిక లేదు. అన్ని సంవత్సరములలోను లెక్కకు వచ్చిన సభ్యులు పదునలుగురే. ఐనను ఆవిరియంత్రము, పింగాణి, క్షారముల పరిశ్రమ, వాయువుల రసాయనశాస్త్రము, గుండెజబ్బునకు డిజిటాలిస్ వాడుక, వీనిలో దేని చరిత్ర వ్రాసినను ఈ పదునలుగురిలో ఎవడో ఒకడు ఎదురుపడును.

వీరి కథను జెన్నీ యూగ్లో అను ఆంగ్ల రచయిత్రి ‘ది లూనార్ మెన్’ అను పేర 2002లో వెలువరించెను. అంతకుముందు చిత్రకారుడు హోగార్త్, నవలాకర్త్రి ఎలిజబెత్ గాస్కెల్ జీవితచరిత్రలు వ్రాసి ఆమె పేరు గడించినది. ఈ గ్రంథమునకు జేమ్స్ టెయిట్ బ్లాక్ బహుమానము వచ్చినది. పండ్రెండు పదుమూడు జీవితములను ఒక్క పడుగుపేకగా నేసి, ఎక్కడ తెగినదో తెలియకుండ నడిపించుట సామాన్యమైన పని కాదు. ఆ నేర్పును గూర్చి ఇప్పటికే పలువురు చెప్పియున్నారు. నేను పరిశీలింపదలచినది ఒక్క సంగతి. పుట్టిన ప్రతి సంఘము బ్రదుకదు. నలుగురు కూడిరి, నాలుగు నెలలు మాటలాడిరి, చెదరిపోయిరి అన్నదే ఎక్కువ సంఘముల చరిత్ర. ఇది ఎట్లు బ్రదికినది, ఎట్లు పెరిగినది? దీనికి గ్రంథకర్త్రి యిచ్చు సమాధానము స్నేహము. గ్రంథమునకు బ్రిటనులో పెట్టిన ఉపశీర్షికయే భవిష్యత్తును నిర్మించిన మిత్రులు అను అర్థము నిచ్చుచున్నది. నాకు ఈ సమాధానము చాలదని తోచుచున్నది. స్నేహము కారణమా, ఫలమా?

1763లో రాబర్ట్ స్కోఫీల్డు అను శాస్త్రచరిత్రకారుడు ఇదే సమాజముపై వ్రాసియుండిన బాగుండెడిదేమో గాని, ఆయన వ్రాసినది 1963లో. అనగా సాక్షులెవ్వరును లేక, కాగితములే సాక్ష్యములుగా వ్రాసినాడు. ఆయన దృష్టిలో ఇది పరిశ్రమలకై శాస్త్రమును వినియోగించుకొనదలచినవారి కూటమి. అనగా సభ్యులను కలిపినది ప్రయోజనము. యూగ్లో ఈ ఎండు లెక్కకు ప్రాణము పోసినది. వారి పెండ్లిండ్లు, అప్పులు, పిల్లల మరణములు, ఎగతాళులు అన్నియు మన కన్నులకు కట్టినది. కాని ప్రయోజనమన్నను, స్నేహమన్నను, అవి రెండును గోష్ఠి కొంతకాలము నడిచిన తరువాత కనబడు గుణములు. గోష్ఠిని నడిపినది యేది?

ఇచ్చట విలియం స్మాల్ అను వైద్యుని తలచుకొనవలెను. ఈతడు స్కాట్లండు దేశీయుడు. అమెరికాలో వర్జీనియాయందలి విలియం అండ్ మేరీ కళాశాలలో కొంతకాలము గణితమును, ప్రకృతిశాస్త్రమును బోధించెను. తరువాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ అచ్చట ఆయన శిష్యుడు. 1765లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన పరిచయపత్రముతో స్మాల్ బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బోల్టన్ అను కర్మాగారాధిపతి కడకు వచ్చెను. డార్విన్, బోల్టన్ అప్పటికే పరిచితులు. స్మాల్ వచ్చిన పిదపనే వలయము విస్తరించినది. గ్లాస్గోలోనున్న వాట్‌తో ఈతడు ఏండ్ల తరబడి ఉత్తరములు నడిపెను. ఆ ఉత్తరములలో ఆవిరియంత్రమొక్కటే కాదు. గడియారములున్నవి, దూరదర్శినులున్నవి, కాలువల త్రవ్వకమున్నది, పడవను మర వంటి తెడ్డుతో నడుపవచ్చునా అన్న ఊహయున్నది. వాట్ నిరుత్సాహప్రకృతి గలవాడు. యంత్రము సాగక విసిగినపుడు అతనిని మరియొక మాటలోనికి మరల్చి, తిరిగి యంత్రమునకు తెచ్చుట ఆ ఉత్తరములలో కనబడు నేర్పు. స్మాల్ స్వయముగా అచ్చువేసిన శాస్త్రగ్రంథమేదియు లేదు. 1775 ఫిబ్రవరిలో మరణించెను. ఆ సంగతి తెలియక జెఫర్సన్ మే నెలలో తన గురువునకు మూడు డజనుల మదీరా ద్రాక్షాసవపు సీసాలు పంపుచు ఉత్తరము వ్రాసెను.

యూగ్లో స్మాల్‌కు గౌరవము చేయకపోలేదు. ఆతని మరణమును వర్ణించిన తీరు హృదయమును తాకును. కాని తరువాత కథ యంత్రముల వెంట, పింగాణి వెంట పరుగెత్తును. ఆతడు చేయుచుండిన పని ఇకపై ఎవరు చేసిరి అన్న ప్రశ్న తగినంతసేపు నిలువదు. దానికి ఆధారములు ఆమె చేతిలోనివే. మరుసటి సంవత్సరము బోల్టన్ వాట్‌కు వ్రాయుచు, సమాజము క్షీణింపకుండుటకై క్రొత్త నిబంధనలు ప్రతిపాదింపదలచితిననెను. ఆ నిబంధనలు ఏమైనవో గాని, జరిగిన పని వేరు. వృక్షశాస్త్రమెరిగిన విలియం విథరింగ్ అను వైద్యుని స్మాల్ స్థానమునకు రప్పించిరి. పిలుపులలో ప్రశ్నలు పెట్టి పంపుట అలవాటైనది. వాట్ 1781 నాటి ఉత్తరము అట్టిదే.

ఆ ఉత్తరములోని అద్దపు ప్రశ్నను కొంచెము విడమరచి చూతము. రచయిత్రి దీనిని దాటిపోవు వేగము శాస్త్రాధ్యాపకునకు కొంత బాధ కలిగించును. పొయ్యి యెదుట బాగుగా మెరుగుపెట్టిన లోహపుపళ్ళెమును ఏటవాలుగా పట్టినచో, వెలుగుతోపాటు సెగయు ప్రతిఫలించి ప్రక్కనున్నవాని చెంపకు తగులును. అదే చోట ముఖము చూచుకొను గాజుటద్దము పెట్టుడు. మంట చక్కగా కనబడును. సెగ మాత్రము అంతగా రాదు, కొంతసేపటికి అద్దమే వేడెక్కును. కారణము నేడు మనకు తెలియును. నిప్పునుండి వెలువడు వేడిమిలో అధికభాగము కంటికి కనబడని పరారుణ కిరణములు. వానిలో దీర్ఘతరంగములను గాజు పోనీయదు, తనలో ఇముడ్చుకొనును. కిరణము గాజును దాటి వెనుకనున్న పూతను చేరిననే గదా ప్రతిఫలించుట! కనుక అద్దము సెగను ప్రతిఫలింపజేయును అన్నవాడును, చేయదు అన్నవాడును సగమే సత్యము చెప్పినవారగుదురు. వాట్ హెచ్చరికలోని చమత్కారమిది. హెర్షెల్ పరారుణ కిరణములను కనుగొనుటకు ఇంకను పందొమ్మిది సంవత్సరములు కలవు.

ఇప్పుడు ఆ సమాజమువారిని ఒక్కొక్కరిని తలచుకొనుడు. బోల్టన్ కర్మాగారమున వెండిపూత పళ్ళెములకు మెరుగుపెట్టుట నిత్యకృత్యము. జేమ్స్ కీర్ గాజు తయారుచేసి అమ్మినవాడు, రసాయనజ్ఞుడు. జోసయ్యా వెడ్జ్‌వుడ్ బట్టీలలో బంకమట్టి ఎంత వేడికి ఎంత కుంచించుకొనునో చూచి, దానినుండియే ఉష్ణమాపకమొకటి కల్పించుచుండినాడు. ప్రీస్ట్లీ పెద్ద కటకముతో సూర్యరశ్మిని కేంద్రీకరించి ఆమ్లజనిని వెలువరించినవాడు. వాట్‌కు బాయిలరు చుట్టు వృథాయగు వేడి ప్రతిదిన శత్రువు. డార్విన్‌కు జ్వరము. ఈ ఒక్క ప్రశ్నలోనికి ప్రవేశించుటకు ప్రతివానికి ఒక సొంత వాకిలి కలదు; ఒక్కనికిని మొత్తము ఇల్లు తెలియదు. వైవిధ్యమనగా ఒక నెల గడియారములు, మరునెల మొక్కలు అని వంతులు వేసికొనుట కాదని నేననుటకు ఆధారమిదియే. అట్టి వంతులలో గడియారమువాడు మాటలాడును, తక్కినవారు ఆవులించుదురు.

దీనికి ఎదురు ఉదాహరణము కూడ డార్విన్ జీవితముననే కలదు. లిచ్‌ఫీల్డులో ఆయన ఒక వృక్షశాస్త్ర సమాజము పెట్టెను. ఆ సమాజమునకు ఒక్కటే పని: లిన్నేయసు లాటిను గ్రంథములను ఆంగ్లములోనికి తెచ్చుట. డార్విన్‌తో కూడ సభ్యులు ముగ్గురు. ఎన్ని యేండ్లకును ముగ్గురే. నాలుగవవాడు చేరనే లేదు. న్యాయముగా చెప్పవలెనన్న, వారు పట్టిన పని ముగించిరి. 1783 మొదలు 1787 వరకు ఆ అనువాదములు అచ్చుపడినవి. పున్నమి సమాజము సమాజముగా ఒక్క పుటయు అచ్చువేయలేదు. పని ముగించుటకు ముగ్గురు చాలుదురు. సమాజము పెరుగుటకు మాత్రము బయటివాడు వచ్చి కూర్చొనదగిన చోటుండవలెను. డార్విన్ ఒక్కడే, కాలమొక్కటే, ఉత్సాహమొక్కటే. భేదము మాటలాడుకొను విషయముననే యున్నది.

మన కళాశాలల సంగతి ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు. భౌతికశాస్త్ర సంఘము, రసాయనశాస్త్ర సంఘము, వృక్షశాస్త్ర సంఘము అని శాఖకొకటి పెట్టుకొందుము. ప్రారంభోత్సవమునకు ఒక వక్తను పిలుతుము. పూలమాల, ఉపన్యాసము, వందనసమర్పణ. తరువాత వార్షికోత్సవము వరకు సంఘము నిద్రపోవును. విద్యార్థులకు శ్రద్ధ లేదని మనము వాపోవుదుము. రెండేండ్ల క్రిందట ఒక వేసవిలో నేను పనిచేయు కళాశాలలో అన్ని శాఖల విద్యార్థులను ఒక్క గదిలో కూర్చుండబెట్టి, మట్టికుండలో నీరు ఎందుకు చల్లబడును అని మాత్రము అడిగితిమి. భౌతికశాస్త్రమువాడు బాష్పీభవనము అని జవాబు చెప్పి కూర్చొనెను, ప్రశ్న తీరినదనుకొన్నాడు. వృక్షశాస్త్రము చదువు అమ్మాయి ఆకు చేయు పనియు అదే గదా అని లేచినది. విశాఖపట్టణమునుండి వచ్చిన కుర్రవాడు మా ఊరిలో కుండనీరు అనంతపురములోవలె చల్లబడదేమి అని అడిగెను. అంతట గాలిలోని తేమ చర్చకు వచ్చినది. ఒక మూలనుండి, రెండేండ్లుగా తరగతిలో నోరు విప్పని ఒక విద్యార్థి, పాతబడిన కుండ ఎందుకు చల్లదనము పోగొట్టుకొనునో, మట్టిలో ఇసుక ఎంత కలిపిన కుండ చెమర్చునో చెప్పసాగెను. వాని యింట మూడు తరములుగా సారె తిరుగుచున్నది. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాడు వాడొక్కడే. నీటిలోని లవణములు కుండ రంధ్రములను పూడ్చునని రసాయనశాస్త్రపు విద్యార్థులు వానికి సమాధానము చెప్పుటకు మరుసటి వారము వరకు గడువడిగిరి. ఆ మరుసటి వారమునకు పిలువకయే వచ్చినవారు పదిమందికి పైగా నుండిరి.

గ్రంథమునకు తిరిగి వత్తము. వైవిధ్యము సర్వరోగనివారిణి యని రచయిత్రి యెచ్చటను చెప్పలేదు. అది ఆమె నిజాయితీ. డిజిటాలిస్ మందును గూర్చి ఎవరు ముందన్న విషయమున విథరింగ్, డార్విన్ కొట్లాడుకొన్న తీరు పెద్దమనుష్యులకు తగినది కాదు. మరణించిన తన కుమారుని వ్యాసముతోపాటు 1780లో డార్విన్ ఆ మందు సంగతి ప్రచురించెను. విథరింగ్ పది సంవత్సరముల రోగుల వివరములతో 1785లో తన గ్రంథము వెలువరించెను. ప్రీస్ట్లీ ఎంత గోష్ఠి జరిగినను ఫ్లోజిస్టనును విడువలేదు. ఆమ్లజనిని వెలువరించిన చేతితోనే దాని అర్థమును త్రోసిపుచ్చినాడు. పదునలుగురు పదునాలుగు వైపులనుండి వచ్చినను, అందరు కలిసి పొరబడుటకు అడ్డులేదు. ఆ పొరపాటును సవరించినది పారిస్‌లో త్రాసు పట్టుకొని కూర్చున్న లవోయిజియే.

మాటలలోనికి రాని విషయము కూడ ఒకటున్నది. వెడ్జ్‌వుడ్ 1787లో సంకెలలతో మోకరిల్లిన నీగ్రో బానిస ప్రతిమగల పతకము చేయించి బానిస వ్యాపారమునకు వ్యతిరేకముగా పంచిపెట్టెను. థామస్ డే 1773లోనే ఆ దురాచారముపై కవిత వ్రాసినవారిలో నొకడు. వారితో ఒకే బల్లకడ కూర్చొనిన శామ్యూల్ గాల్టన్ తుపాకులు చేయించి అమ్మువాడు. ఆ యింటి తుపాకులు ఆఫ్రికా బేరమునకు పోయినవి. గాల్టన్‌ను తప్పుపట్టి 1796లో వెలివేసినది ఆయన క్వేకరు మతసంఘము గాని, పున్నమి సమాజము కాదు. అన్నియు మాటలాడుకొను మిత్రులు దీనిని గూర్చి ఎంత మాటలాడిరి? స్నేహమే సమాజమునకు మూలమని నమ్మిన గ్రంథకర్త్రి ఈ ప్రశ్నకడ మరికొంత కఠినముగా నిలువవలసినదని నా అభిప్రాయము. మాట పెరుగుటకు స్నేహము తోడ్పడినట్లే, కొన్ని మాటలు నోటనే ఆగిపోవుటకును తోడ్పడియుండును.

ఇదే సందర్భమున 1781లో స్థాపితమైన మాంచెస్టరు సమాజముతో పోలిక పెట్టియున్న గ్రంథమునకు బలము చేకూరెడిది. అక్కడివారు మొదటనే నియమములు వ్రాసికొనిరి. ప్రకృతిశాస్త్రము, రసాయనము, సాహిత్యము, వాణిజ్యము, కళలు అన్నియు చర్చింపవచ్చును. మతము, స్వదేశ రాజకీయములు, వైద్యవృత్తి విషయములు కూడవు. అధ్యక్షుడు వానిని ఆపవలెను. ఇది చప్పని ఏర్పాటుగా కనబడవచ్చును. కాని ఆ సమాజము నేటికిని సజీవముగా నున్నది. బర్మింగ్‌హామ్‌వారికి అట్టి గోడలు లేవు. 1791 జూలై 14న ఫ్రెంచి విప్లవ వార్షికదినపు విందును నెపముగా చేసికొని అల్లరిమూకలు లేచినవి. ఆ విందుకు ప్రీస్ట్లీ పోనేలేదు. ఐనను ఆయన ఇల్లు, గ్రంథాలయము, ప్రయోగశాల తగులబెట్టిరి. 1794లో ఆయన అమెరికాకు తరలిపోయెను. మిగిలినవారు వృద్ధులైరి. స్మాల్ వంటివాడు మరల రాలేదు. కుమారులు వచ్చిరి, కాని తండ్రుల ప్రశ్నలు వారివి కావు. 1813లో సమాజపు పుస్తకములకు చీట్లు వేయగా అవి గాల్టన్‌కు వచ్చినవి.

యూగ్లో గ్రంథము మూలములో దాదాపు ఆరువందల పుటలు. ఆంగ్లదేశపు ఊళ్ళపేర్లతో, వంశవృక్షములతో నిండినది. దానిని యథాతథముగా తెనిగించిన చదువువారు కొద్దిమందియే యుందురు. స్మాల్, వాట్‌ల ఉత్తరములు నడిచిన భాగమును, విథరింగ్ డిజిటాలిస్ కథను, 1791 అల్లరుల ప్రకరణమును ఏరి, అద్దము సెగను గూర్చిన ప్రయోగమును పొయ్యితోను పళ్ళెముతోను చేసి చూపు బొమ్మలు చేర్చి, నూటయేబది పుటల చిన్న పుస్తకముగా ఎవరైన వెలువరించినచో కళాశాల సంఘములలో అది చేతులు మారును. ఆ పుస్తకమున 1781 నాటి రెండు ఉత్తరములను మాత్రము సంక్షేపింపక పూర్తిగా ఇయ్యవలెను.